బీమా భారము – పంచాయతి బొక్కసము

ఎల్లంతకుంటలో గాని, చుట్టునున్న పల్లెలలో గాని తెల్లవారుజామున మురికికాలువ యొద్ద నిలిచి పారతో పూడిక తీయు మనిషిని చూడనివారు లేరు. అతడే పగటివేళ ట్రాక్టరు వెంట చెత్త మోయును. సాయంకాలము నర్సరీలో మొక్కలకు నీరు పోయును. ఇట్టివారిలో అధికులు దళితులు, స్త్రీలును పెక్కుమంది. కాలువలో గాజుపెంకు గ్రుచ్చుకొని జ్వరము తగిలినచో వైద్యమునకు దిక్కెవరు? అరువదియేండ్లు దాటి చేతిలో పార నిలువని దినమున కూడెవరు పెట్టుదురు? ఈ ప్రశ్నలకు మన దేశమున చట్టములు లేకపోలేదు. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టమును, 1952లో భవిష్యనిధి చట్టమును పుట్టినవి. వాని ననుసరించి చెల్లింపవలసిన సొమ్ము ఎవరి చేతినుండి రావలెననునదే నేడు తేలవలసిన విషయము.

ఈ బీమా పద్ధతి 1883లో జర్మనీ దేశమున బిస్మార్కు కాలమున మొదలైనది. 1911లో ఇంగ్లండు దాని ననుసరించినది. మన దేశమునకు 1944లో అదార్కరు పండితుడు కార్మికుల ఆరోగ్య బీమాకు ప్రణాళిక వ్రాసియిచ్చెను. వీరందరి కన్నుల యెదుటను నున్నది ఫ్యాక్టరీయే. మిల్లు యజమాని తన వంతు చందాను గుడ్డ ధరలో కలిపి కొనువానినుండి రాబట్టుకొనును. పంచాయతి దేని నమ్మి రాబట్టుకొనవలెను? ఊడ్చిన వీధికి ధర కట్టు అంగడి ఎచ్చటను లేదు.

లెక్క చూతము. 2019లో వచ్చిన 51వ నంబరు జీ.వో. ప్రకారము 500 జనాభాకు ఒక బహువిధ కార్మికుడు. అయిదువేల జనము గల గ్రామమునకు పదిమంది. 2023లో వారి నెల వేతనము రూ. 8,500 నుండి రూ. 9,500 చేయబడినది. ఈ వేతనముపై భవిష్యనిధికి యజమాని వంతు నూటికి 12. నిర్వహణ ఖర్చును, మరణ బీమాయును కలిసి ఇంకొక 1. 2019 జూలై నుండి ఇ.ఎస్.ఐ.కి 3.25. వెరసి 16.25. అనగా తలకు నెలకు రూ. 1,543 పైచిలుకు; పదిమందికి సంవత్సరమునకు రూ. 1,85,250. కార్మికుని జీతమునుండి కోతపడు 12.75 వంతులు దీనికి వేరు. కేంద్ర ప్రభుత్వము పింఛను నిధికి చేర్చునది నూటికి 1.16 మాత్రమే. ఢిల్లీలో నిర్ణయమైన ధర్మమునకు పల్లె చెల్లించు వెల యిది. అత్తసొమ్ము అల్లుడు దానము చేసిన సామెత మన పాఠకులకు గుర్తు రాకపోదు.

ఈ లక్షా ఎనుబదియైదు వేలు ఎందుండి వచ్చును? ఇంటిపన్ను ఎంత వసూలగునో ప్రతి కార్యదర్శియు నెరుగును. 2018 పంచాయతిరాజ్ చట్టము బడ్జెటులో నూటికి పది వంతులు హరితనిధికి కేటాయింపుమనెను. ట్రాక్టరు అప్పు వాయిదాయును, వీధిదీపముల కరెంటు బిల్లును సరేసరి. కేంద్ర ఆర్థిక సంఘపు నిధులు కలవు గదా యందురేమో. 2021 నుండి 2026 వరకు వర్తించిన పదునైదవ ఆర్థిక సంఘపు సొమ్ములో అరువది వంతులు పారిశుద్ధ్యమునకును, త్రాగునీటికిని కట్టుబడియుండెను. తక్కిన నలువది వంతులు జీతములకును, కార్యాలయ ఖర్చులకును వాడరాదని శాసించిరి. కాలువ కట్టుటకు సొమ్ము కలదు. ఆ కాలువలో దిగువాని బీమాకు లేదు! అదియునుగాక, 2024 ఫిబ్రవరిలో పాలకవర్గముల గడువు తీరగా, 2025 డిసెంబరులో ఎన్నికలు జరుగువరకు ఈ నిధులును నిలిచిపోయినవి. జీతములే నెలల తరబడి అందని దినములలో చందాల మాట యెత్తు సాహస మెవరికి కలదు? 2023 జూలైలో ఈ కార్మికులు సమ్మె చేసినప్పుడు పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ.లు వారి కోర్కెలలో ముందు వరుసనే యుండెను. సమ్మె ముగిసినది, కాలువల పూడిక తీసిరి.

పట్టణముల స్థితి వేరు. 2011 జనవరిలో భవిష్యనిధి చట్టమును పురపాలక సంఘములకు వర్తింపజేసిరి. కనుక సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పురపాలక సంఘములకు ఈ బాధ్యత తప్పదు; గ్రామపంచాయతుల ఊసు ఆ ప్రకటనలో లేదు. ఒకే కాలువ పట్టణపు హద్దు దాటగానే దానిని శుభ్రపరచు మనిషి హక్కు ఎండిపోవునా? పట్టణములలోనైనను చందా జమకట్టు పని గుత్తేదారుల చేతిలో పడినప్పుడు మోసమునకు తావు కలుగును. జీతమునుండి కోత కోసి నిధిలో చేర్పనిచో, చట్టము మూలయజమానినే పట్టుకొనును. బకాయిపై నూటికి 12 వంతున వడ్డీయును, జరిమానాయును పడును. అవి తుదకు చెల్లించువారు పన్నుకట్టు పౌరులే.

మా ప్రాంతమున బీడీలు చుట్టు ఆడబిడ్డలకు పి.ఎఫ్. సంఖ్య యనగా నేమో ఎవరును బోధింపనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వమిచ్చిన నెలకు వేయి రూపాయల భృతికి ఆ సంఖ్యయే ఆధారమైనది. అట్టి సంఖ్య పంచాయతి కార్మికురాలికి లేకుండుట మాకు వింతగా తోచుచున్నది.

పరిష్కారము లేకపోలేదు. 2018 ఆగస్టులో రైతుబీమా ఆరంభమైనప్పుడు తలకు రూ. 2,271.50 ప్రీమియమును రాష్ట్రమే జీవిత బీమా సంస్థకు చెల్లించినది. 2022లో వచ్చిన నేతన్న బీమాయు నట్టిదే. ఏ పంచాయతి పద్దునను ఆ భారము పడలేదు. కార్మికుని సాలుసరి చందా రూ. 18,525 అనగా దానికి ఎనిమిదింతలని మే మెరుగుదుము. కాని రైతుబీమా మరణించినవాని కుటుంబమునకు మాత్రమే. ఇది బ్రతికియున్నవాని రోగమునకును, వార్ధక్యమునకును. ఇంగ్లండులో 2025 ఏప్రిలున యజమాని చందా 13.8 నుండి 15 వంతులకు పెరుగగా, స్థానిక సంస్థలకు 51 కోట్ల 50 లక్షల పౌండ్లు పరిహారముగ నిచ్చిరి. అది చాలదని అవి మొరపెట్టుకొనినవి. చాలినను చాలకున్నను, పైనుండి వేసిన బరువునకు పైవారే కొంత పూచీపడవలెనను న్యాయము నచ్చట అంగీకరించిరి.

ఇంటిపన్ను పెంచి చెల్లింపుడని కొందరనవచ్చును. పెద్ద బజారు గల గ్రామమునకది చెల్లును. నేతపని మందగించిన ఊరిలోను, జలాశయము క్రింద భూములు పోయిన ఊరిలోను పన్ను పెంచి ఎంత రాబట్టుదురు? పేదగ్రామపు కార్మికునికి తక్కువ బీమా, ధనికగ్రామపు కార్మికునికి ఎక్కువ బీమా యగును.

కావున యజమాని వంతు చందాను రాష్ట్ర ఆర్థిక సంఘపు గ్రాంటులో ప్రత్యేక పద్దుగా చేర్చి, పంచాయతి ఖాతా తాకకుండ నేరుగా నిధికి జమచేయవలెనని మా కోరిక. కార్మికుని వంతును మాత్రము పంచాయతి నెలనెలా జమకట్టి, రసీదును నోటీసు పలకపై అంటింపవలెను. ఎల్లంతకుంట మండలపు క్రొత్త సర్పంచులు తమ బడ్జెటు వ్రాయునప్పుడు ఈ పద్దును సున్నతోనైనను ఒక వరుసగా వ్రాసి, గ్రామసభ తీర్మానముతో జిల్లా పంచాయతి అధికారికి పంపుదురుగాక.