అద్దె పోగా మిగిలేదే అసలు లెక్క

ఉద్యోగం దొరికి హైదరాబాద్‌కో బెంగళూరుకో బయల్దేరే పిల్లలకు ఈ రోజుల్లో ఒక సలహా తప్పకుండా అందుతుంది. జీతంలో ముప్పై శాతానికి మించి అద్దెకు పెట్టొద్దని. యూట్యూబ్‌లో డబ్బు పాఠాలు చెప్పేవాళ్లు చెబుతారు, ఆఫీసులో సీనియర్లు చెబుతారు, బ్యాంకులో పనిచేసే బాబాయి చెబుతాడు. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి అందరి నోళ్లలోనూ నానుతోంది. కానీ ఏ జీతంలో ముప్పై శాతం? ఎవరి జీతంలో? ఈ రెండూ అడక్కుండా ఆ మాటను పట్టుకుంటే తక్కువ జీతం వాళ్లు అప్పుల్లో పడతారు, కాస్త ఎక్కువ జీతం వాళ్లు అద్దె మిగిల్చామనుకుంటూ రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోగొట్టుకుంటారు.

ఆ ముప్పై ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దానికి ఎంత విలువివ్వాలో తెలుస్తుంది. 1969లో అమెరికాలో ఎడ్వర్డ్ బ్రూక్ అనే సెనేటర్ చొరవతో ఒక చట్ట సవరణ జరిగింది. ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదల నుంచి వారి ఆదాయంలో పాతిక శాతానికి మించి అద్దె తీసుకోకూడదన్నది దాని సారం. 1981లో ఆ పాతికను ముప్పై చేశారు. అంటే అది పేద కుటుంబానికి సర్కారు ఇచ్చిన రక్షణ. ఇల్లు సర్కారుది, మిగతా భారం సర్కారుది. కాలక్రమంలో ఆ అంకె సొంతంగా ఇల్లు వెతుక్కునే ప్రతి ఒక్కరికీ సూత్రమైపోయింది. న్యూయార్క్‌లో ఇంటి యజమానులు నెల అద్దెకు నలభై రెట్ల వార్షికాదాయం చూపించమంటారు. లెక్కేస్తే అదీ ముప్పై శాతమే. అక్కడి మన పిల్లలు చాలామంది ఆ షరతు దాటలేకే ముగ్గురూ నలుగురూ కలిసి ఒక ఇంట్లో సర్దుకుంటారు.

నిజానికి అందరికీ ఒకే శాతం కుదరదని అంతకు వందేళ్ల ముందే తేలింది. 1868లో హెర్మన్ ష్వాబె అనే గణాంక నిపుణుడు బెర్లిన్ నగరంలో ఆదాయాలనూ అద్దెలనూ పోల్చి చూశాడు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో అద్దె వాటా పెరుగుతుందని ఆయన తేల్చాడు. మన మాదాపూర్‌కూ అది అక్షరాలా వర్తిస్తుంది.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చి మాదాపూర్‌లో మొదటి ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. చేతికొచ్చేది నెలకు 28 వేలు. ఇంజినీరింగ్ చదువుకు బ్యాంకులో తీసుకున్న నాలుగు లక్షల అప్పు ఉంది. పదిన్నర శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,750 రూపాయల వాయిదా. తమ్ముడి ఫీజుకో నాన్న మందులకో ఇంటికి ఐదు వేలు పంపుతుంది. ఇవి రెండూ పోగా ఆమె దగ్గర మిగిలేది 16,250. ముప్పై శాతం సూత్రం ప్రకారం 8,400 అద్దె కట్టొచ్చు. కట్టేశాక 7,850 మిగులుతుంది. తిండి, బస్సు, ఫోను, బట్టలు, ఒంట్లో బాగోకపోతే డాక్టరు, సంక్రాంతికి ఊరెళ్లే టికెట్ అన్నీ అందులోనే. పొదుపు మాట అటుంచి నెలాఖరుకు క్రెడిట్ కార్డు గీకక తప్పదు. సూత్రం ఎక్కడా దాటలేదు. అయినా తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టగల డబ్బులో సగానికి పైగా అద్దెకే పోయింది.

అదే ఆఫీసులో నెలకు లక్షన్నర తెచ్చుకునే ఇంకో ఉద్యోగి ఉన్నాడనుకుందాం. అప్పుల్లేవు, అమ్మానాన్నలకు పెన్షన్ వస్తుంది. అతను నలభై శాతం, అంటే అరవై వేలు అద్దెకు పెట్టినా చేతిలో తొంభై వేలు ఉంటాయి. సూత్రం ప్రకారం తప్పు చేసింది అతను, నెలంతా సతమతమయ్యేది ఆ అమ్మాయి. కాబట్టి ఎంత శాతం పోయిందని చూస్తే సరిపోదు. ఎంత మిగిలిందో, ఆ మిగిలినదానితో మనిషి నెల గడుపుకుని నాలుగు రూపాయలు వెనకేసుకోగలడో లేదో చూడాలి.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. ఇంటికి పంపే డబ్బును డబ్బు సలహాదారులు ఐచ్ఛిక ఖర్చుల్లో వేస్తుంటారు. చేనమ్మి, చీటీ పాడి, బంగారం తాకట్టు పెట్టి చదివించిన ఇంటికి పంపే డబ్బు ఐచ్ఛికం ఎలా అవుతుంది? అది అద్దె కంటే ముందే పక్కకు తీయాల్సిన సొమ్ము. చదువు అప్పు వాయిదా కూడా అంతే.

ఇక ఏ జీతం అన్న ప్రశ్న. ఆఫర్ లెటర్‌లో ఉండే సీటీసీని పన్నెండుతో భాగించి ఇల్లు వెతకడం మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అంకెలో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది, బీమా ఉంటుంది, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే ఉంటుంది. మొదటి నెల జీతం ఖాతాలో పడేదాకా ఆగి ఆ అంకెనే నమ్మాలి. అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) మీద పన్ను మినహాయింపు వస్తుంది కదా అని పెద్ద ఇల్లు తీసుకోవడమూ పొరపాటే. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో 2025-26 నుంచి ఉద్యోగులకు పన్నెండు లక్షల 75 వేల దాకా పన్నే లేదు, కాబట్టి చాలామంది కొత్త ఉద్యోగులకు అద్దె రసీదులతో పనే లేదు. పాత విధానంలో ఉండి ఇరవై శాతం శ్లాబులో ఉన్నా, మినహాయింపు దొరికిన ప్రతి రూపాయికీ మిగిలేది పావలాకు తక్కువే, మిగతాదంతా జేబులోంచే.

అద్దె తగ్గించుకోవడానికి మనవాళ్లు ముందుగా ఎంచుకునే దారి దూరం పోవడం. ఆఫీసు గచ్చిబౌలిలో ఉంటే ఇల్లు ఉప్పల్‌లోనో నిజాంపేట లోపలెక్కడో. ఇందులో లాభం ఎంతో తేల్చాలంటే పెట్రోలుతో పాటు గంటలు కూడా లెక్కలోకి రావాలి. ఆఫీసు దగ్గర తన వాటా అద్దె 15 వేలు, దూరంగా పోతే పది వేలు అనుకుందాం. తేడా ఐదు వేలు. దూరంగా ఉంటే బైక్ మీద రోజుకు అదనంగా 40 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు. ట్రాఫిక్‌లో లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చినా, లీటరు 107 రూపాయల చొప్పున పెట్రోలుకే 2,100 దాకా అవుతుంది. సర్వీసింగ్, టైర్లు కలిపితే మిగిలేది రెండున్నర వేలు. దాని కోసం రోజుకు గంటన్నర చొప్పున నెలకు 33 గంటలు అదనంగా రోడ్డు మీద. గంటకు 75 రూపాయలు. నెలకు 28 వేలు తెచ్చుకునే కొత్త ఉద్యోగికే గంటకు 140 పడుతుందే! అందులో సగం ధరకు తన సాయంత్రాలను అమ్ముకుంటున్నట్టు. ఆ గంటన్నరలో కొత్త కోర్సు చదవచ్చు, వండుకోవచ్చు, నిద్రపోవచ్చు.

ఇదే లెక్కలో ఒక్క అంకె మారితే ఫలితం తిరగబడుతుంది. ఆఫీసుకు వారానికి మూడు రోజులే వెళ్లాలనుకోండి. నెలకు 13 రోజులు. పెట్రోలు 1,240 అవుతుంది, రోడ్డు మీద గంటలు ఇరవైకి తగ్గుతాయి, నికరంగా మూడున్నర వేలు మిగులుతాయి. గంటకు 175 పైమాటే. అప్పుడు దూరం పోవడమే తెలివైన పని. ఆఫీసుకు ఎన్ని రోజులు రావాలో ఖాయంగా తెలియకుండా పదకొండు నెలల అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకూడదు.

మెట్రో ఉందిగా అనుకునేవాళ్లు మ్యాప్ ఒకసారి సరిగ్గా చూడాలి. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో 2019లో రాయదుర్గం చేరి అక్కడ ఆగింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రాంగూడ ఇంకా అవతల. మియాపూర్ నుంచి రాయదుర్గానికి రోడ్డున కొండాపూర్ మీదుగా దగ్గరి దారి ఉన్నా, మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి రైలు మారి రావాలి. చందానగర్, హఫీజ్‌పేట వైపు ఉండేవాళ్లకు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల వేళలు కుదిరితే హైటెక్ సిటీకి అది చాలా చవకైన ప్రయాణం. ఇల్లు చూసే ముందు స్టేషన్ చూడాలి.

దూరం కంటే మంచి దారి ఇల్లు పంచుకోవడం. దగ్గరలో నలుగురు కలిసి తీసుకున్న రెండు గదుల ఫ్లాట్, దూరంలోని ఒంటరి గది కంటే అన్నివిధాలా మేలని నా గట్టి నమ్మకం. పీజీల సంగతి వేరు. త్రీ షేరింగ్ గదిలో ఇనప మంచం, తాళం కప్పతో ఒక అల్మరా, ముగ్గురికీ కలిపి ఒక ప్లగ్ పాయింటు, పొద్దున తొమ్మిది దాటితే రాని వేడినీళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకు ఆఫీసు నుంచి వచ్చేసరికి గిన్నెలో అడుగున మిగిలిన సాంబారు. నగరం తెలియనివాళ్లకు మొదటి ఆరు నెలలకు ఇది సరైన మజిలీయే. అడ్వాన్సు తక్కువ, సామాను కొనక్కర్లేదు, నచ్చకపోతే నెల ముందు చెప్పి వచ్చేయొచ్చు. అయితే పీజీకి కట్టేదాంట్లో భోజనం కూడా ఉంటుంది కాబట్టి దాన్ని మొత్తంగా అద్దెతో పోల్చకూడదు. అక్కడి తిండి తినలేక రోజూ స్విగ్గీలో తెప్పించుకుంటుంటే ఆ పీజీ ఏమాత్రం చవక కాదు.

టూలెట్ బోర్డు మీద లేని అద్దె ఇంకొంత ఉంటుంది. బ్రోకరుకు ఒక నెల అద్దె. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోసుకునేది ఇంకో నెల. 15 వేల ఇంట్లో పదకొండు నెలలుండి వెళ్లిపోతే ఈ రెండు నెలలూ పరచుకుని నిజమైన అద్దె 17,700 దాటుతుంది. దీని మీద మెయింటెనెన్స్. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ నీళ్లలో వాటా. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనర్‌ను కాదు, కింద వాచ్‌మన్‌ను అడగాలి, ఏప్రిల్‌లో ట్యాంకర్లు ఎన్నొచ్చాయని. బెంగళూరులో అయితే ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలు. ఇప్పుడు కొంత తగ్గినా, ఐదారు నెలలంటే కొత్త ఉద్యోగి మళ్లీ నాన్న దగ్గర చేయి చాచాల్సిందే.

ఇంతకీ ఎంత పెట్టాలి? చేతికొచ్చిన జీతంలోంచి అప్పు వాయిదా, ఇంటికి పంపేది ముందుగా తీసేయాలి. మిగిలినదాంట్లో నలభై శాతం లోపు అద్దె, మెయింటెనెన్స్, ఆఫీసు ప్రయాణం మూడూ కలిసి ఇమడాలి. పైన చెప్పిన అమ్మాయికి అది 6,500. మెయింటెనెన్స్‌తో కలిపి ఇరవై వేలయ్యే ఫ్లాట్‌లో నలుగురిలో ఒకరిగా ఐదు వేలు, ప్రయాణానికి పదిహేను వందలు. బొటాబొటీగా సరిపోతుంది. నెలకు అరవై వేలు తెచ్చుకుంటూ అదే వాయిదా కట్టి ఇంటికి పదివేలు పంపేవాళ్లకు 17 వేల చిల్లర. ఆఫీసు దగ్గర మంచి ఫ్లాట్‌లో సగం వాటా దొరుకుతుంది. ఇది గరిష్ఠ పరిమితే. జీతం పెరిగిన ప్రతిసారీ అక్కడిదాకా వెళ్లాల్సిన పని లేదు. రెండు హైకులు వచ్చినా అదే ఇంట్లో ఉన్నవాళ్లే, ఉద్యోగం ఊడిన నెలలో వేరే ఉద్యోగాన్ని తొందరపడకుండా వెతుక్కోగలుగుతారు. ఐటీలో ఆ నెల ఎవరికైనా రావచ్చు. గడువుకు ముందే ఖాళీ చేయనివ్వని లాకిన్ షరతు అగ్రిమెంట్‌లో ఉందేమో చూసుకోమనేది అందుకే.

అద్దె దండగ, ఆ డబ్బేదో ఈఎంఐ కట్టుకుంటే సొంతిల్లు అవుతుంది కదా అని పెద్దలంటారు. ఎనభై లక్షల ఫ్లాట్‌కు ఇరవై శాతం చేతి డబ్బు పెట్టి మిగతా 64 లక్షలు ఎనిమిదిన్నర శాతానికి ఇరవయ్యేళ్లకు తీసుకుంటే నెలకు 55 వేల పైచిలుకు వాయిదా. మన నగరాల్లో అలాంటి ఫ్లాట్‌కు వచ్చే అద్దె చాలాచోట్ల అందులో సగం కూడా ఉండదు. రేపు పుణెలోనో చెన్నైలోనో మంచి అవకాశం వస్తే కదిలిపోగల స్వేచ్ఛ పాతికేళ్ల వయసులో పెద్ద ఆస్తి. అద్దె దానికి కట్టే ధర.

అయితే ఈ లెక్కలన్నీ ఇల్లు దొరికినప్పటి మాట. బ్యాచిలర్స్‌కి ఇవ్వం, ఫ్యామిలీలకే, మీరేమిట్లు, నాన్‌వెజ్ తింటారా అన్న ప్రశ్నలు దాటేసరికి బడ్జెట్‌లోని ఇళ్లన్నీ చేజారతాయి. ఆడపిల్లలకు ఇంకా కష్టం. రాత్రి షిఫ్టుకు కంపెనీ క్యాబ్ ఇస్తే సరే, లేదంటే వెలుతురున్న వీధి, స్టేషన్‌కు నడిచివెళ్లేంత దూరం, గేటు దగ్గర మనిషి, వీటన్నిటికీ ఆమె అదనంగా కట్టాలి. అది విలాసం కాదు. ఆమె నలభై శాతం దాటి ఖర్చుపెట్టినా నేను తప్పుపట్టను.

ఇక్కడ సలహాలతో అయ్యే పని అయిపోయి ప్రభుత్వం పని మొదలవుతుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేయమంది. నమూనా కాబట్టి రాష్ట్రాలు తమ చట్టంలో రాసుకుంటేనే అమలవుతుంది. రాసుకోవడంతో సరిపెట్టకుండా పెయింటింగ్ కోతలకు, అడ్వాన్సు తిరిగివ్వడానికి గడువులు పెట్టి, వివాదం వస్తే వారాల్లో తేల్చే యంత్రాంగం కావాలి. 2024 కేంద్ర బడ్జెట్‌లో పరిశ్రమల సహకారంతో ఉద్యోగినుల హాస్టళ్లు కడతామన్నారు. అవి ఊరి చివర ఖాళీ స్థలాల్లో కాకుండా స్టేషన్ల పక్కన రావాలి. హైదరాబాద్ మెట్రో మొదటి దశలో పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో స్టేషన్ల పక్క స్థలాల్లో మాల్స్ కట్టారు. రెండో దశకు స్థలాలు కేటాయించేటప్పుడు ప్రతి పెద్ద స్టేషన్ దగ్గరా కొంత భాగం కొత్త ఉద్యోగుల అద్దె గదులకే ఉంచాలని, వాటి అద్దె ఆ నగరంలో మొదటి ఉద్యోగానికి వచ్చే జీతాన్ని బట్టి ఉండాలని ఒప్పందంలోనే రాయాలి.