ముక్క సీసాలో పడేటప్పుడే

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో తీసిన బయాప్సీ ముక్క కర్నూలు ల్యాబుకు వెళ్ళి రిపోర్టు సరిగా రాకపోతే అందరూ ల్యాబునే తిడతారు. చాలాసార్లు తంటా ఆపరేషన్ గదిలోనే మొదలవుతుంది. సెలైన్‌లో వేసిన ముక్క దారిలోనే చెడిపోతూ వస్తుంది; ఆ తర్వాత ఎంత మంచి రంగు వేసినా కణాలు తేటగా కనిపించవు. కావలసింది 10 శాతం ఫార్మలిన్: 1 పాలు ఫార్మలిన్‌కు 9 పాళ్ళ నీళ్ళు, అదీ ముక్కకు పదింతలు. సీసా మూతి వెడల్పుగా ఉండాలి. గట్టిపడిన ముక్క ఇరుకు మూతిలోంచి రాదు మరి. పేరు మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి, సీసా మీదే రాయాలి. మన ఎండలకు ల్యాబులో ముక్కను పొదిగిన మైనం మెత్తబడి, దాన్ని పలచగా కోసే మైక్రోటోమ్ కత్తికి అంటుకుంటే, ఆ మైనం బ్లాకును కాసేపు మంచు మీద పెట్టి ల్యాబువాళ్ళు సర్దుకుంటారు. చెడిన ముక్కను మాత్రం వాళ్ళూ బాగుచేయలేరు. సీసాలో పోసింది ఫార్మలినేనా అని అక్కడే అడగండి.