కన్నున్న గొట్టం, చిన్న గొంతు

ఊపిరితిత్తిపై శస్త్రచికిత్స జరగాలంటే అది ముడుచుకొని నిశ్చలంగా ఉండాలి. రోగి బ్రతకాలంటే రెండవది ఎడతెగక గాలి అందుకోవాలి. ఈ రెండు పనులనూ ఏకకాలంలో సాధించేది మత్తుమందు వైద్యుడు రోగి గొంతులోకి దించే జంటగొట్టం. దాని ఒక పాయ శ్వాసనాళంలోనే ఆగుతుంది. రెండవది ఇంకా దిగువకు సాగి, సాధారణంగా ఎడమ శాఖలో నిలుస్తుంది. ఎడమను ఎంచుకోవడం ఊరకే కాదు. ఆ శాఖ సుమారు 5 సెంటీమీటర్ల పొడవు. కుడిశాఖ అందులో సగమే, పైగా ఊపిరితిత్తి ఎగువ భాగానికి పోయే ద్వారం మొదట్లోనే తెరుచుకుంటుంది. గొట్టం చివరి బుడగ కొంచెం జరిగినా ఆ ద్వారం మూసుకుపోతుంది.

స్వీడన్ వైద్యుడు కార్లెన్స్ 1949లో జంటగొట్టాన్ని ప్రకటించినది ఒక్కొక్క ఊపిరితిత్తి పనితీరును విడిగా కొలవడానికి. మరుసటి ఏడే అది శస్త్రచికిత్సకు అక్కరకు వచ్చింది. క్షయ విజృంభించిన కాలమది. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు చెడిన ఊపిరితిత్తిలోని చీము మంచిదానిలోకి పారే ప్రమాదముండేది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరం పేరు విన్న పాతతరం తెలుగువారికి ఆ భయాన్ని వివరించనక్కరలేదు. కార్లెన్స్ గొట్టానికున్న కొక్కెం గొంతును గాయపరిచేది. 1962లో రాబర్ట్‌షా దానిని తొలగించి, పాయలను వెడల్పు చేశాడు. నేటి గొట్టాలన్నీ దాదాపు ఆ వంశానివే.

కొక్కెం పోయినా గొట్టం సరియైన చోట కూర్చున్నదో లేదో తెలుసుకునే చిక్కు పోలేదు. స్టెతస్కోపుతో విని బాగున్నదనుకున్న గొట్టాలలో మూడింట ఒకటి తప్పుచోట ఉన్నట్లు, బ్రాంకోస్కోపుతో చూసిన పరిశీలనలు తేల్చాయి. చక్కగా అమరినది కూడా రోగిని పక్కకు తిప్పగానే జరగవచ్చు. అందుకే గొట్టానికే సూక్ష్మమైన కెమెరాను అమర్చిన కొత్త రకం వచ్చింది. శస్త్రచికిత్స సాగినంతసేపూ శ్వాసనాళం చీలే చోటు తెరపై కనిపిస్తూనే ఉంటుంది. ఇది నిజంగా మెచ్చదగిన మేలు. అయితే కన్ను ఉన్నది శ్వాసనాళంలో. శాఖ లోపలి చీలికలు దానికి కనబడవు. రక్తమో కఫమో కమ్మితే ఉన్న చూపూ మసకబారుతుంది. బ్రాంకోస్కోపును మూలన పెట్టే రోజు ఇంకా రాలేదు.

అంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. పెద్దవారికి వాడే జంటగొట్టాలు ఎక్కువగా 35 నుండి 41 ఫ్రెంచి కొలతలవి, అంటే దాదాపు 12 నుండి 14 మిల్లీమీటర్ల లావు. పొట్టిగా, సన్నగా ఉండే మన స్త్రీలలో పలువురికి 35 కూడా బిగువే. వారికి 32 వెదకవలసి వస్తుంది. కెమెరాకు గొట్టంలో చోటు కావాలి గనుక లావు ఇంకొంత పెరుగుతుంది. మామూలు గొట్టం గుండా బుడగను పంపి ఒక శాఖను మూసివేసే పద్ధతి ఇరుకు గొంతులకు మేలే గాని, ఊపిరితిత్తి ముడుచుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది, కదిలిపోవడమూ ఎక్కువే. పైగా కెమెరా గొట్టం ఒక్కసారి వాడి పారవేయవలసినది. క్షయవల్ల చీముపట్టిన ఛాతీతో నేటికీ జిల్లా ఆసుపత్రి నుండి పట్నానికి వచ్చే రోగికి ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? తెరపై బొమ్మ మరింత స్పష్టం కావడానికి పెట్టే శ్రమలో సగమైనా, సన్నని గొంతులో సులువుగా దిగే చవకైన గొట్టంపై పెట్టడం న్యాయం.