సీసాల లెక్క కాదు, వేలి కొస చూడండి

ముసునూరు మండల ప్రజలకు, ఫ్యాక్టరీ యాజమాన్యాలకు, ఆర్‌ఎంపీలకు, 108 సిబ్బందికి విజ్ఞప్తి

2022 ఏప్రిల్ 13 రాత్రి మన అక్కిరెడ్డిగూడెం పోరస్ ఫ్యాక్టరీలో మంటలు లేచి ఆరుగురు పోయారు. పొట్టకూటికి బిహార్ నుంచి వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు. గాయపడ్డవాళ్లను నూజివీడుకు, అక్కణ్నుంచి విజయవాడకు తీసుకెళ్లారు. తప్పెవరిదన్నది వేరే చర్చ. అలాంటి రాత్రి మళ్లీ వస్తే దారిలో ఎక్కే సెలైన్ సంగతి ఎవరు చూస్తారు? ఈ కాగితం దానికోసం.

ఒళ్లు కాలితే సన్న రక్తనాళాల గోడలు నీళ్లు నిలపలేవు. రక్తంలోని నీరు బయటికి ఊరి ఒళ్లు ఉబ్బుతుంది, లోపల తిరగాల్సిన రక్తం తగ్గిపోతుంది. అందుకే 1960ల్లో అమెరికాలోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో కట్టిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది: కిలో బరువుకు, కాలిన ప్రతి శాతానికీ 4 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే తొలి 24 గంటల్లో 9,600 మిల్లీలీటర్లు. అందులో సగం తొలి 8 గంటల్లోనే పోవాలి. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచే మొదలవుతాయి, ఆసుపత్రి గేటు దాటాక కాదు. ఎప్పుడు కాలిందో, దారిలో ఎంత ఎక్కిందో చీటీ లేకపోతే అక్కడి డాక్టరు అంచనా మీద నడవాల్సిందే. పైగా ఈ లెక్క ఆరంభానికే. ఆ తర్వాత మూత్రం చూసుకుంటూ పెంచాలి, తగ్గించాలి. పెద్దవాళ్లకు గంటకు కిలోకు అర మిల్లీలీటరు వస్తే చాలు. మూత్రం అంత వస్తున్నా ఇంకా ద్రవం పోస్తూ పోతే పొట్ట, ఊపిరితిత్తులు ఉబ్బి అదో గండం.

ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి ఐసీయూలో చేరినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. మామిడి తోటలో డ్రిప్ వేసుకున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: మోటారు దగ్గర గేజి బ్రహ్మాండంగా ఉంటుంది, చివరి వరసలో చెట్టుకు చుక్క పడదు. అలాగే మానిటర్ మీద బీపీ బాగున్నా సన్న నాళాలు కొన్ని మూసుకుపోయి ఉండొచ్చు. బ్రస్సెల్స్ వైద్యులు నాలుక కింద చిన్న మైక్రోస్కోపు పెట్టి చూసి, 2010లో ఫలితాలు చెప్పారు. జబ్బు తేలిన తొలి 24 గంటల్లో ద్రవం ఎక్కిస్తే ఆ నాళాల్లో రక్తం నడక మెరుగైంది. 48 గంటలు దాటాక ఇస్తే మెరుగవలేదు. అదే ద్రవం, వేళ మారింది, అంతే.

ద్రవం ఎక్కువైతే ప్రాణం తీస్తుందా? 2009 నుంచి 2011 దాకా ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ మందగించిన 3,141 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో, గబగబా ద్రవం ఎక్కించిన గుంపుల్లో 48 గంటల్లో నూటికి పదిమందికి పైగా చనిపోయారు. అలా ఎక్కించని గుంపులో ఏడుగురు. విరేచనాల పిల్లలను ఆ పరీక్షలో చేర్చలేదు, కాబట్టి దీన్ని చూసి వాంతులు, విరేచనాలకు నీళ్లు మానకండి.

మరి ఆపాల్సింది ఎప్పుడో తెలిసేదెలా? వేలి కొసను తెల్లబడేదాకా 10 సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. 3 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. 2017-18లో లాటిన్ అమెరికాలో 424 మంది రోగుల మీద దీన్ని రక్తపరీక్షతో పోటీ పెట్టారు. వేలు చూసి నడిచిన గుంపులో నూటికి 35 మంది, రెండో గుంపులో 43 మంది చనిపోయారు. గణాంకాల కొలతకు ఆ తేడా కొద్దిలో చాలలేదు గానీ, వేలు చూసినవాళ్లకు తక్కువ ద్రవమే సరిపోయింది. పైసా ఖర్చు లేని పరీక్ష. ఏసీ చలికి చేతులు గడ్డకట్టి ఉంటే మోసపోతాం, గోరింటాకు వేలైతే అసలు కనిపించదు.

ఇక మన అలవాటు. కాయకోతల రోజుల్లో ఎండకు సొమ్మసిల్లితే, "నీరసంగా ఉంది, ఓ బాటిల్ పెట్టండి" అని మనమే అడుగుతాం. పెట్టకపోతే ఆ ఆర్‌ఎంపీకి చేతకాదంటాం. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. అర లీటరు సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు అదే ఆయాసం తెచ్చిపెడుతుంది. తాగగలిగినవాళ్లకు ఓఆర్‌ఎస్ చాలు. స్పృహ తప్పినా, మాట తడబడినా సీసా కోసం ఆగొద్దు. ఒళ్లు తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

మేం కోరేది ఒకే కాగితం. తొలి సీసా ఎక్కడ ఎక్కిస్తే అక్కడే మొదలై రోగితో పాటు విజయవాడ దాకా పోవాలి. జబ్బో ప్రమాదమో మొదలైన సమయం, బరువు, ఏ ద్రవం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు, మూత్రం ఎంత, వేలు ఎన్ని సెకన్లకు ఎర్రబడింది. ఫ్యాక్టరీల ఫస్ట్ ఎయిడ్ గదిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆర్‌ఎంపీ బల్ల మీద, 108 బండిలో ఇది ఉండాలి. ఐసీయూ బయట కూర్చున్న బంధువులు "ఇంకో బాటిల్ పెట్టరా?" అని అడగడం మాని "వేలు నొక్కి చూశారా, మూత్రం ఎంతొచ్చింది?" అని అడగాలి. చెక్కపల్లి, గోపవరం, రమణక్కపేట, ఏ ఊరైనా సరే, వచ్చే గ్రామసభలో దీన్ని తీర్మానంగా పెట్టించండి. ఈ కరపత్రం వెనకవైపు ఆ గడులే అచ్చువేశాం, జిరాక్సు తీసి వాడుకోండి.