ఏడారులు ఎవరికైనా నలభైరెండే

"అంకెలు మావి, సున్నా మాది, ఇతర మతస్థుల చదువుతో మనకేమి పని?" అని మొన్న చీపురుపల్లిలో మా అరుగు మీద కూర్చుని ఒక మిత్రులు వాదించారు. అప్పటికి ఊరుకున్నాను. నా జవాబు ఇది.

అయ్యా, ఆ అంకెలు మన ఎల్లలు దాటినదే ఇతరులు మన దగ్గర నేర్చుకున్నందువల్ల. అరబ్బులు సిగ్గుపడక నేర్చారు. వారి విద్యను ఐరోపాకు చేర్చిన తొలివారిలో ఒకరు సాక్షాత్తూ ఒక పోపు! ఫ్రాన్సులోని ఒరియాక్ మఠంలో పెరిగిన జెర్బెర్ 967లో కాటలోనియా వెళ్ళి గణితం అభ్యసించాడు. రీమ్స్‌లో గోళయంత్రాలతో శిష్యులకు ఖగోళం బోధించాడు. తొమ్మిది అంకెలు గుర్తించిన బిళ్ళలతో పలక మీద లెక్కలు చేయించాడు. ఆ పలకలో సున్నాకు బిళ్ళ లేదు, ఖాళీ గడి మాత్రమే. 999లో రెండవ సిల్వెస్టర్ పేర పోపై, 1003లో మరణించాడు. తరువాతి తరాలు కట్టబెట్టిన బిరుదు? దయ్యానికి ఆత్మను అమ్ముకున్న మాంత్రికుడని! మా మిత్రుల వాదానికి ముత్తాత ఆ నిందే.

అది వారి సంగతి అందురేమో. మన పావులూరి మల్లనను చూడండి. తెలుగులో తొలి గణితగ్రంథం ఆయన రచించిన సారసంగ్రహ గణితం. దాని మూలం 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడనే జైనుడు సంస్కృతంలో రాసినది. మల్లన శైవుడు. జైన ప్రస్తావనలు తీసి శివుణ్ణి నిలిపాడు. ఆ పని నాకు నచ్చదు. అయినా జైనుడి లెక్క గనుక అంటరానిదని ఆయన అనుకోలేదు. దేవుణ్ణి మార్చాడు గాని లెక్కను విడిచిపెట్టలేదు.

మాకు దూరం కాని రామతీర్థం కొండ మీద, జెర్బెర్ పోయిన కొన్నేళ్ళ తరువాతి కాలానిదే, చాళుక్య విమలాదిత్యుని నాటి శాసనం ఉంది. అందులో త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుని పేరు కనిపిస్తుంది. ఆ విమలాదిత్యుని కొడుకే నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు. మన సాహిత్యం పుట్టిన ఇంటి గడపలోనే పరమతం మర్యాదగా కూర్చుని ఉన్నది!

ఇచ్చినది చెప్పుకుని, పుచ్చుకున్నది దాచుకోవడం గర్వం కాదు, అప్పు ఎగవేత. పోపుకైనా, మల్లనకైనా, మా మిత్రులకైనా ఏడారులు నలభైరెండే. కాదనగలవారు లెక్క చేసి చూపండి.