కర్తృత్వము – ఆచారము: కన్యాశుల్క దృష్టాంతము

ఆచారము చేయించిన పనికి చేసినవాడు బాధ్యుడగునా అను ప్రశ్నను దర్శనగ్రంథములలో వెదకుట పరిపాటి. విజయనగర ప్రాంతమువారికి ఇంటనే ఒక ఉదాహరణ కలదు.

1897లో ‘కన్యాశుల్కము’ తొలి ముద్రణకు గురజాడ అప్పారావుగారు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో ఒక పట్టిక ప్రస్తావన యున్నది. ఆనందగజపతి మహారాజు సేకరింపజేసిన ఆ పట్టికలో, నాటి విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహములు 1034. వధువులలో ఐదేండ్లవారు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు. వారి వెల తలకు 350 నుండి 400 రూపాయలు. సొమ్ము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనుటకు సంబంధించినవారు ఇష్టపడలేదు గనుక పట్టిక సమగ్రము కాదనియు పీఠిక తెలుపుచున్నది.

అంకెలకన్న ఈ చివరి మాటయే నాకు ముఖ్యముగా తోచుచున్నది. ఆచారమే ప్రమాణమని నిజముగా నమ్మినవాడు దాచనేల? లోభముచే స్వల్పశుల్కము గ్రహించిన తండ్రియు సంతానవిక్రయి యగునని మనువు చెప్పినది ఆ వేదపండితులకు తెలియనిది కాదు. కావున అజ్ఞానమను సమాధానము వారికి చెల్లదు.

మిగిలినది పారతంత్ర్యమను సమాధానము. అప్పులవాడు, కులము, పూర్వకర్మము తన్ను తోసినవని తండ్రి యనవచ్చును. ఇచ్చట పాణినీయము మనకు తోడ్పడును. స్వతంత్రునకు కర్తయని పేరిడి, పాణిని వెంటనే ఆ కర్తను ప్రేరేపించువానికి హేతువనియు కర్తయనియు రెండు సంజ్ఞలు విధించెను. ప్రేరకుడు వచ్చినంతమాత్రమున ప్రేరితుని కర్తృత్వము తొలగిపోలేదు. యజ్ఞదత్తుడు దేవదత్తునిచేత వండించినను వండినవాడు దేవదత్తుడే. బాధ్యత పంచుకొన్నకొలది తరిగిపోవు ఆస్తి కాదు. అప్పులవానిని దోషిగా నిలిపినంతమాత్రమున తండ్రి దోషము సగము కాదు.

స్వాతంత్ర్యమనగా ఏమి? భర్తృహరి సాధనసముద్దేశమున చెప్పిన హేతువులలో ఒకటి గమనింపదగినది: ప్రవృత్తములైన ఇతర కారకములను నిలుపగలుగుట. ఎవ్వరి ప్రేరణయు లేకుండుట స్వాతంత్ర్యమైనచో లోకమున కర్తయే దొరకడు. ఆపగలుగుటయే దాని గురుతైనచో, అగ్నిహోత్రావధానులు కర్త, సుబ్బి కర్మ. సందేహమునకు తావు లేదు. ఎదిరించిన వెంకమ్మకు నోరున్నదేకాని నిలుపు శక్తి లేదు. ఆమెను భర్తతో సమానముగా నిందింపలేము.

దీనికొక ఆక్షేపమున్నది. వ్యాకరణమున కర్తృత్వము వివక్షాధీనము. ‘కుండ వండుచున్నది’ అనుటయు సాధువే. అట్టి శాస్త్రముతో నీతి తేల్చుట ఎట్లు? ఆక్షేపము బలమైనదే. వ్యాకరణమొక్కటే చాలదని నేనును ఒప్పుకొందును. కాని ‘ఆచారము పిల్లనమ్మినది’ అను వాక్యము సరిగా ‘కుండ వండుచున్నది’ వంటిదే గదా! వక్త తన ఇచ్ఛచేత వంటవానిని వాక్యమునుండి తప్పించినాడు. వాక్యమున లేనంతమాత్రమున వంటవాడు వంటింట లేకపోడు.

గీత పదునెనిమిదవ అధ్యాయమున అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము అని ఐదు హేతువులు చెప్పబడినవి. మనవారు దైవమును మాత్రము పట్టుకొని తక్కిన నాలుగింటిని విడుచుట వింతగా నున్నది.

శుల్కము పోయి కట్నము వచ్చినది. సొమ్ము నడచు దిక్కు మారినది, సమాధానము మారలేదు. 1961 నాటి చట్టము ఇచ్చుటను, పుచ్చుకొనుటను రెండింటిని నేరములుగనే యెంచినది. నిలుపగల శక్తి ఎక్కువగా పుచ్చుకొనువానియందే యున్నది గనుక ఇరువురిని ఒకే తూకమున తూచుట న్యాయము కాదని నా అభిప్రాయము. ‘మేమడుగలేదు, వారే ఇచ్చిరి’ అను వరుని తండ్రి, అవధానులవలెనే, వాక్యమునుండి తన్ను తాను తప్పించుకొనుచున్నాడు.

ఆచారబంధము నిజముగా బిగిసినది మధురవాణికి. పుట్టుకతోడనే వృత్తి నిర్ణయమైనది, వదలుకొన్నను గౌరవము దొరకు ఆశ లేదు. అయినను కరటకశాస్త్రితో చేయి కలిపి, లుబ్ధావధానులతో సుబ్బి పెండ్లి జరుగకుండ చూచినది ఆమెయే. గిరీశము నిజస్వరూపమును సౌజన్యారావు పంతులు ముందుంచినదియు ఆమెయే. వేదము చదివిన ఇంట కానరాని నివర్తనశక్తిని గురజాడ వేశ్యయింట చూపెను.