మిన్నల్ మురళి రెండోసారి చూశాక నా ఎథిక్స్ జవాబు మార్చుకున్నాను

మిత్రులారా, ముందుగా ఒక ఒప్పుకోలు. గతంలో ఒక టెస్ట్ సిరీస్‌లో 'నిస్వార్థ సేవ' మీద ప్రశ్న వస్తే, నేను మిన్నల్ మురళి సినిమాలోని జైసన్‌ని ఉదాహరణగా రాశాను. దిద్దినవారు టిక్కు కూడా పెట్టారు. మొన్న ఆ సినిమా మళ్లీ చూశాను. ఆ టిక్కు నాకు రాకూడనిది.

2021 డిసెంబర్ 24న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. హాస్టల్ గదిలో ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ ఎనిమిది మందిమి. బాసిల్ జోసెఫ్ తీసిన ఈ మలయాళ సినిమా కథ మీకు తెలిసే ఉంటుంది. కేరళలో కురుక్కన్‌మూల అనే కల్పిత ఊరు, ఒక క్రిస్మస్ ముందు రాత్రి ఇద్దరి మీద పిడుగు. ఒకడు అమెరికా వెళ్లిపోవాలని కలలు కనే దర్జీ జైసన్ (టొవినో థామస్). ఇంకొకడు టీ కొట్టులో పనిచేసే షిబు (గురు సోమసుందరం). ఇద్దరికీ ఒకే శక్తి వస్తుంది. మేమంతా ఈల వేసింది జైసన్‌కే. మా గదిలో సగం మందికి వీసా కల ఉంది కదా, వాడు మావాడే అనిపించాడు.

రెండోసారి చూస్తే మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది ఇది: శక్తి వచ్చిన వెంటనే జైసన్ చేసింది సేవ కాదు. ముసుగేసుకుని, తనకు కోపం ఉన్న పోలీసులను చితకబాదాడు. షిబు బ్యాంకు దోచాడు, కానీ తను ప్రేమించిన ఉష కూతురి వైద్యానికి డబ్బు లేక. ఆ క్షణంలో ఇద్దరి ఉద్దేశాలనూ పక్కపక్కన పెట్టి మార్కులు వేయమంటే మీరు ఎవరికి ఎక్కువ వేస్తారు?

మరి ఒకడు హీరో, ఒకడు విలన్ ఎలా అయ్యారు? మనం ఎథిక్స్ పేపర్‌లో అలవాటుగా రాసే మాట 'వ్యక్తిగత విలువలు'. సినిమా చూపించేది వేరు. జైసన్‌కి పెంచిన తండ్రి ఉన్నాడు, సూపర్ హీరోల గురించి పాఠం చెప్పే మేనల్లుడు ఉన్నాడు, దారి తప్పితే నిలదీసేవాళ్లు ఉన్నారు. షిబుని ఊరంతా పిచ్చోడనే అంటుంది. వాడు తప్పు చేస్తే ఆగమని చెప్పే మనిషి ఒక్కరూ లేరు. కథ జరిగేది 1990లలో. 2007లో మొదలైన మన ఆరోగ్యశ్రీ గానీ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ గానీ లేని రోజులు. బిడ్డ ఆపరేషన్‌కి డబ్బు ఎక్కడ తేవాలన్నది పూర్తిగా ఆ ఇంటి బాధే.

అలాగని షిబుని వెనకేసుకు రావడం లేదు. వాడు హత్యలు చేశాడు. ఇంకొకటి, ఉష మీద వాడి ప్రేమను చాలామంది పవిత్రమైనదిగా రాశారు. నాకలా అనిపించలేదు. ఏళ్ల తరబడి ఒక మనిషి తనదేనని ఒంటరిగా నిర్ణయించుకోవడం భయపెట్టే విషయమే. సోమసుందరం కళ్లతోనే ఏడిపించేసరికి అది మన కంట పడదు.

నన్ను పట్టి ఆపింది ఇల్లు తగలబడే ఘట్టం. ఊరి జనం షిబు ఇంటికి నిప్పు పెడతారు. లోపలున్న ఉష, ఆమె కూతురు చనిపోతారు. మొదటిసారి ఇది నాకు క్లైమాక్స్‌కి ముందు వచ్చే ఒక మలుపు, అంతే. మూక దాడుల మీద తెహసీన్ పూనావాలా కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను నోట్సులో రాసుకున్నాను. జిల్లాకొక నోడల్ అధికారి, ఎస్పీ హోదాకు తగ్గకుండా. కంఠతా వచ్చు. కానీ ఆ నిప్పు పెట్టినవాళ్లు రౌడీలు కారు, పొద్దున షిబు చేతి టీ తాగే ఊరివాళ్లేనని మాత్రం ఇన్నాళ్లూ తట్టలేదు.

మా ఊరి బస్టాండు దగ్గర టీ కొట్లో గ్లాసులు కడిగే ఒకాయన ఉండేవాడు. తనలో తాను మాట్లాడుకునేవాడు. టెన్త్ చదివే రోజుల్లో మేం కావాలనే గ్లాసు కింద పడేసి, ఆయన తిడుతుంటే నవ్వేవాళ్లం. మేమూ మంచి పిల్లలమే, మార్కులొచ్చేవి. ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. 'బలహీన వర్గాల పట్ల కరుణ' అని మాత్రం ప్రతి జవాబులోనూ గీత గీసి రాస్తున్నాను.

ఈ ఆదివారం ఆన్సర్ రైటింగ్‌కి ఆ ఘట్టాన్నే కేస్ స్టడీగా తీసుకుందాం. మీరు ఆ ఊరి ఎస్సై. షిబు మీ లాకప్‌లో ఉన్నాడు, జనం వాడి ఇంటివైపు నడుస్తున్నారు, వాళ్లలో మీ బంధువులూ ఉన్నారు. 250 పదాలు, 20 మార్కులు. ఈసారి జైసన్ వస్తాడని రాయకండి.